ఆలయదర్శనము - లింగధారి మనశ్శాంతి



ఇష్టలింగమును ధరించిన వీరశైవుడు దేవాలయమునకు పోవచ్చునా, పోరాదా యను ప్రశ్న లింగవంతుల యిండ్లలో తరచుగా పుట్టుచుండును. "కరస్థలమున శివుడుండగా కొండలెక్కి వెదకనేల?" యని యింటి పెద్ద యనును. "అక్కడ నాలుగు గడియలు కూర్చుండిన మనస్సు నిమ్మళించును గదా!" యని యిల్లాలు బదులు చెప్పును. ఈ రెండు మాటలలోను సత్యము కలదు. జారిపడుటకు తావును ఈ రెండింటిలోను కలదు. గుడికి పోనివాడు పోకపోవుటనే భక్తి యనుకొనును. గుడికి పోవువాడు పోయివచ్చుటనే భక్తి యనుకొనును. ఇంటనున్న లింగపూజ మాత్రము ఇద్దరి చేతులలోను ఎండిపోవును. కావున ఈ ప్రశ్నను వాదమునకు గాక ఆచరణమునకు పనికివచ్చునట్లు విచారింపవలసియున్నది.

ముందుగా లింగము చేతికి ఏల వచ్చినదో తెలిసికొనవలయును. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు కల్యాణపట్టణమున బిజ్జలుని కొలువునందున్న కాలమున దేవాలయద్వారములు అందరికిని ఒక్కతీరుగా తెరచియుండలేదు. కులము తక్కువయని లోకముచే త్రోసివేయబడినవాడు గర్భగుడి దరికి పోజాలడు. వానికిని దేవునికిని నడుమ గోడ యుండెను, గోడకు తలుపుండెను, తలుపునకు గడియ యుండెను. శివశరణులు గోడతో పోరాడుచు కూర్చుండక శివునే వాని యరచేతిలో నుంచిరి. చెప్పులు కుట్టు హరళయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, కట్టెలమ్ము మోళిగె మారయ్య, రాలిన బియ్యమేరు ఆయ్దక్కి మారయ్య, ఆతని ధర్మపత్ని లక్కమ్మ - వీరందరును లింగవంతులై అనుభవమంటపమున సమానాసనమున కూర్చుండిరి. దేహము దేవాలయమైనప్పుడు తలుపు వేయువాడెవ్వడు?

ఆ పాత గోడల తలుపులు తెరచుటకు శాసనములు వలసివచ్చినవి. మదరాసు రాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము 1947లో వెలువడెను. నాటి ఆంధ్రజిల్లాలు ఆ రాష్ట్రములోనివే. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించెను. శాసనము దాదాపు 800 ఏండ్ల తరువాత చేయవలసివచ్చిన పనిని బసవేశ్వరుడు ఒక చిన్న లింగముతో ఆనాడే చేసెను. ఈ సంగతిని మరచి "మాకు గుడి వలదు" అని గర్వముతో పలుకువాడు బసవమార్గమును సగమే యెరిగినవాడు. శరణులు వలదన్నది రాతిని గాదు. మనుష్యుని వెలుపల నిలిపిన తలుపును.

స్థావరమునకు మరియొక పరిమితి కలదు. అది ఒక చోటనే యుండును. కృష్ణాతీరమున సంగమేశ్వరమను పుణ్యక్షేత్రము కలదు. అచట వేపమొద్దు శివలింగరూపమున పూజలందుకొనుచున్నది. శ్రీశైలము ఆనకట్ట నిర్మాణమైన పిమ్మట జలాశయము నిండినప్పుడెల్ల ఆ యాలయము నీట మునుగును. సంవత్సరమున హెచ్చుభాగము నీటి యడుగుననే యుండి, వేసవికి నీరు తగ్గగా మరల దర్శనమిచ్చును. 2020వ సంవత్సరమున ఉగాది మార్చి 25న వచ్చెను. సరిగా ఆనాడే కరోనా వ్యాధి కారణముగా దేశమంతట లాక్‌డౌన్ మొదలయ్యెను. ఆలయములు భక్తులకు మూతపడెను. నీరు నిండిన మాసములలోను, తలుపులు మూసిన మాసములలోను లింగధారి యరచేతిలోని యాలయము మునుగలేదు, మూతపడలేదు. ఇష్టలింగము యొక్క ఘనత యిది. దీనిని వదలుకొని గుడినే నమ్ముకొనువాడు ఇంటిలోని దీపమునార్పి వీధిదీపమునకు ఎదురుచూచువానివంటివాడు.

అట్లైన శరణులు ఆలయములను త్యజించిరా? వారి జీవితములను పరిశీలించిన సమాధానము దొరకును. బసవేశ్వరుని సాధనకు తొలిస్థానము కూడలసంగమము. కృష్ణా మలప్రభా నదులు కలియు ఆ క్షేత్రమున సంగమనాథుని సన్నిధిని ఆయన పెరిగెను. తరువాత కల్యాణమునకు పోయి, దండనాయకుడై, వేలమందికి లింగమార్గమును చూపెను. అయినను తన వచనములన్నిటిలోను కూడలసంగమదేవుని పేరునే ముద్రగా నుంచుకొనెను. తుదకు ఐక్యమందినదియు ఆ సంగమమునందే యని సంప్రదాయము. అక్కమహాదేవి ముద్ర చెన్నమల్లికార్జునుడు. ఆమె సంసారమును విడిచి శ్రీశైలమునకు నడచిపోయి కదళీవనమున లింగైక్యమందెను. తెలుగున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున ఒక ప్రకరణమునంతయు శ్రీపర్వతమునకే యంకితము చేసి, శివరాత్రికి నడచిపోవు భక్తజనమును కన్నులకు కట్టినట్లు వర్ణించెను. స్థావరమును ద్వేషించినవారు ఇట్లు చేయుదురా? వారు ఆలయమును విడువలేదు, ఆలయమునందే ఆగిపోలేదు.

ఈ రహస్యమును సొన్నలిగె సిద్ధరాముని చరిత్ర చక్కగా తెలుపును. ఈ చరిత్రను కన్నడమున రాఘవాంకకవి కావ్యముగా రచించెను. సొన్నలిగె యనగా నేటి సోలాపురము. సిద్ధరాముడు ముద్దుగౌడ సుగ్గవ్వ దంపతుల కుమారుడు. బాల్యమున మాటాడని పిల్లవాడు. పొలము కాచుచుండగా ఒకనాడు ఒక జంగమయ్య వచ్చి ఆకలియనెను. బాలుడు లేత కంకులు కాల్చి పెట్టెను. జంగముడు తిని, కడుపు మండుచున్నది, పెరుగన్నము కావలయుననెను. తన పేరు మల్లయ్య యని చెప్పెను. బాలుడు ఇంటికి పరుగెత్తి, తల్లి కలిపియిచ్చిన పెరుగన్నము పట్టుకొని మరలివచ్చునప్పటికి జంగముడు లేడు. "మల్లయ్యా! మల్లయ్యా!" యని పొలమంతయు వెదకెను. ఆ దారిన శ్రీశైలమునకు పోవు యాత్రికులు వాని కేక విని, మల్లయ్యను చూపెదమని వెంటబెట్టుకొనిపోయిరి.

కొండ చేరిన పిమ్మట వారు బాలుని గర్భగుడికి కొనిపోయి మల్లికార్జునలింగమును చూపిరి. బాలుడు చూచి, ఈతడు తన మల్లయ్య కాడనెను. తన మల్లయ్య మాటాడును, నడచును, ఆకలియనును, తన చేతి కంకులు తినును! యాత్రికులు నవ్విరి. బాలుడు ఏడ్చుచు అడవిలో తిరిగి తిరిగి, ఎంత పిలిచినను పలుకు లేకపోగా, లోయలోనికి దుముకబోయెను. అప్పుడు మల్లయ్య ప్రత్యక్షమై వానిని పట్టుకొనెను.

భక్తులారా! ఈ కథలో ఆ పసివాడు పలికిన మాటయే ఆలయదర్శనమునకు కీలకము. ఆతడు లింగమును నిందింపలేదు. తాను అన్నము పెట్టిన దేవుని ముఖమును అందు వెదకెను. యాత్రికులు లింగమును చూచి తృప్తులైరి, ఏలయన వారు ఇంటియొద్ద ఏ మల్లయ్యకును కంకులు కాల్చిపెట్టియుండలేదు. పోల్చుకొనుటకు వారి కనులలో వేరొక ముఖము లేదు. పెట్టిన చేయి గలవానికే వెదకు కన్ను వచ్చును. పొలమునకు వచ్చిన జంగముని ఆదరింపనివాడు శ్రీశైలశిఖరమును ఎన్ని మారులు చూచినను రాతిని చూచి వచ్చినట్లే యగును.

కథ అంతటితో ముగియలేదు. సిద్ధరాముడు సొన్నలిగెకు మరలివచ్చి చెరువు త్రవ్వించెను, గుడి కట్టించెను, ఊరి చుట్టును 68 లింగములను ప్రతిష్ఠించెను. అట్టి కర్మయోగియొద్దకు అల్లమప్రభువు వచ్చి, వెలుపలి కట్టడములతో తృప్తినందిన మనస్సును లోనికి త్రిప్పెను. పిమ్మట కల్యాణమున చెన్నబసవేశ్వరునివలన ఆయనకు లింగదీక్ష కలిగెను. సొన్నలిగె చెరువు ఆయన దీక్షతో పూడ్చబడలేదు; నేటికిని సోలాపురమున సిద్ధేశ్వరాలయము ఆ నీటి నడుమనే యున్నది. వెలుపలి సేవ నిలిచినది, లోపలి యహంకారము కరగినది. స్థావరమునుండి ఇష్టలింగమునకును, ఇష్టలింగమునుండి ప్రాణలింగ భావలింగములకును సాగు ప్రయాణమిది. ఇందు ఒక మెట్టు ఎక్కినవాడు క్రింది మెట్టును విరుగగొట్టడు. దానిపై నిద్రించుటయు లేదు.

ఇక మనశ్శాంతిని గూర్చి విచారింతము. గుడిలో శాంతి కలుగుననుట నిజము. నల్లమల గాలి, ఘంటానాదము, విభూతి సువాసన, వేలమంది నోట ఒకే నామము - ఇవి మనస్సును కొంతసేపు నిలుపును. కాని నిలిచిన మనస్సు తన యింటికి మరలిన పిదప ఏమగునన్నదే ప్రశ్న.

ఒక గ్రామమున ఇద్దరన్నదమ్ములు కలరనుకొనుడు. ఇద్దరును ఒకే గురువువలన లింగదీక్ష పొందినవారు. తండ్రి పోయిన పిమ్మట పొలము గట్టు విషయమున మాటపెరిగినది. మాటలు నిలిచిపోయినవి. ఎనిమిదేండ్లు గడచినవి. పెద్దవానికి రాత్రులు నిద్ర రాదు. ప్రతి శివరాత్రికిని శ్రీశైలము పోయి స్వామిని దర్శించును. ఆ రాత్రి మనస్సు తేలికగా నుండును. తిరుగుబస్సు ఘాట్ దిగి దోర్నాల చేరునప్పటికి గట్టు మరల జ్ఞప్తికి వచ్చును. ఊరు చేరునప్పటికి శాంతి యంతయు వట్టిపోవును. "ఎన్ని మారులు పోయినను ఫలము లేకపోయెను" అని ఆతడు వాపోవును.

ఒక యేడు ఆతడు క్షేత్రమునందలి యొక సత్రమున దాసోహపు పంక్తిలో కూర్చుండెను. వడ్డించుచున్న ముసలమ్మ ఆతని విస్తరిలో అన్నము మిగిలియుండుట చూచి, "తినవేం నాయనా? ఇంటికాడ నీ పక్కన ఎవరు కూర్చుని తింటారు?" అని యడిగెను. ఆమెకు ఆతని కథ తెలియదు. వట్టి వాత్సల్యముతో అడిగినది. ఆతడు జవాబు చెప్పలేకపోయెను. తమ్ముడు ప్రక్కన కూర్చుండి తిని ఎనిమిదేండ్లయినదని అప్పుడు లెక్కకు వచ్చినది.

ఇల్లు చేరిన మరునాటి వేకువను ఆతడు స్నానముచేసి, విభూతి ధరించి, లింగకాయ విప్పి ఇష్టలింగమును కరపీఠమున నుంచుకొని కూర్చుండెను. చాలకాలముగా ఆ పూజ రెండు నిమిషముల తంతుగా మారియుండెను. ఆనాడు చూపు నిలుపగా, దీక్షనాడు తనకు ముందు కూర్చుండి గురువు చేతినుండి ఇటువంటి లింగమునే అందుకొనిన చిన్న చేతులు జ్ఞాపకమునకు వచ్చెను. పూజ ముగించి, కొండనుండి తెచ్చిన ప్రసాదమును తీసికొని తమ్ముని వాకిటికి పోయెను.

తమ్ముడు ప్రసాదమును కన్నుల కద్దుకొని తీసికొనెను. మాటాడలేదు, కూర్చుండుమనలేదు. మరదలు మాత్రము చెంబుతో నీళ్లు తెచ్చి "కాళ్లు కడుక్కోండి బావగారూ" అనెను. అంతే జరిగినది. గట్టు కొలత ఇంకను తేలవలసియే యున్నది. కాని ఆ రాత్రి ఆతనికి నిద్రపట్టినది. ఎనిమిదేండ్లు శ్రీశైలమున దొరకని దేమి, ఆ చెంబునీళ్లలో దొరకిన దేమి? శ్రీశైలము వ్యర్థము కాలేదు. ఎవని వాకిటికి పోవలయునో ఆ దారిని ఆ కొండయే చూపినది. ఇన్నాళ్లును ఆతడు దారి చూపువానికి నమస్కరించి, దారిన నడువక మరలివచ్చుచుండెను.

ఆలయము నుండి శాంతిని మూటగట్టుకొని తెచ్చుకొనుట సాధ్యము కాదు. శాంతికి అడ్డుగా నున్నదేదో అక్కడ తెలియును. దానిని తొలగించుట ఇంటియొద్ద చేయవలసిన పని. అపహరించిన సొమ్ము పెట్టెలో నుంచుకొని, తల్లిదండ్రులను ఆకలికి విడిచి, కూలివాని కూలి బిగబట్టి, శిఖరదర్శనమువలన మనశ్శాంతి కోరుట శివుని మోసగింపబూనుటయే యగును. సదాచారము లేని లింగాచారము నిలువదు.

బసవపురాణమున మాదార చన్నయ్య కథ దీనికి ప్రమాణము. చోళరాజు ప్రతిదినము మధురపదార్థములు వండించి శివునకు నివేదించుచుండెను; శివుడారగించుచుండెను. ఆ రాజు గుఱ్ఱములకు గడ్డికోయు చన్నయ్య, ఎవరికిని తెలియకుండ మనస్సున శివుని నిలుపుకొని, తన యంబలిని ఆయనకు అర్పించుచుండెను. ఒకనాడు రాజు నివేదన అట్లే మిగిలిపోయెను. రాజు తన భక్తిలో లోపమేదో కలదని ప్రాణత్యాగమునకు సిద్ధపడగా, ఆనాడు చన్నయ్య యింట అంబలి త్రాగి తృప్తినందితినని శివుడు తెలిపెను. రాజు తన గుడిని విడిచి ఆ గడ్డికోయువాని గుడిసెకు పోయి పాదములపై పడెను. బసవేశ్వరుడు ఆ చన్నయ్యను తన తండ్రిగా చెప్పుకొని గౌరవించెను. ఆలయమునకు పోవు ప్రతి లింగధారియు, క్యూలో తన ముందు వెనుక నిలిచినవారిలో చన్నయ్య యెవరో తనకు తెలియదను భయభక్తులతో నిలువవలయును. ప్రక్కవాని కులమడుగుట, పేదవానిని త్రోసి ముందునకు పోవుట లింగధారికి ద్రోహము.

కాయకమునకు ఆలయమునందు ఎట్టి స్థానము కలదో శ్రీశైల శివరాత్రి చెప్పును. ఆనాటి రాత్రి లింగోద్భవకాలమున చీకటిలో స్వామి యాలయశిఖరమునకు పాగా చుట్టుదురు. ఆ పాగా బజారున కొన్నది కాదు. చీరాల ప్రాంతపు నేతకుటుంబము దినమునకొక మూర చొప్పున ఏడాది పొడవున నేసినది. సంవత్సరమంతయు ఆ నేతగాని మగ్గమే గుడి. ఒక్క రాత్రి ఆ గుడి కొండమీది గుడికి తలపాగాయగును. భక్తునికి ఆలయమునకు కొనిపోదగినది ఇట్టిదే: దినమునకొక మూర చొప్పున నిజాయితీగా చేసిన పని.

కావున లింగధారి ఆలయమునకు పోవునపుడు ఈ నియమములను పాటించుట మేలు.

ఇష్టలింగార్చన ముగింపక ఇల్లు వెడలరాదు. చేతిలోని శివునకు ఒక గడియ కేటాయింపలేనివానికి కొండమీది శివునియొద్ద తొందరయే మిగులును.

స్థావరలింగమును వేరొక దేవునిగా భావింపరాదు. తన కరస్థలమున చిన్నదియై యున్న తత్త్వమే అక్కడ పెద్దదియై యున్నదని దర్శింపవలయును. లింగాచారము ఏకనిష్ఠను కోరును. ఇతరుల పూజను పరిహసింపుమని కోరదు.

కాయకమున వచ్చిన ధనముతోనే యాత్ర చేయవలయును. అప్పుచేసి ఆడంబరముగా పోవుట, పని చెడగొట్టుకొని పోవుట తగదు.

కోరికకు వెలకట్టి మ్రొక్కు మ్రొక్కరాదు. శివునితో బేరము చేయువాడు భక్తస్థలమును గూడ ముట్టనివాడు.

పోయినచోట ఒక ఆకలిగొన్నవానికైనను దాసోహము చేయవలయును. తాను ఇతరుల పంక్తిలో కూర్చుండి ప్రసాదము స్వీకరింపవలయును.

మరలివచ్చిన దినమున, మనస్సును బాధించుచున్న ఒక వాకిటికైనను పోవలయును. యాత్ర పూర్తియగునది అక్కడనే.

తల్లులు పిల్లలను గుడికి తీసికొనిపోవునపుడు గంట కొట్టించి, తీర్థమిప్పించి ఊరకుండరాదు. "ఈ స్వామియే నీ మెడలో నున్నాడు, ఆకలియని వాకిటికి వచ్చువాడును ఈ స్వామియే" అని చెప్పవలయును. ఆ మూడు చోట్ల ఒక్కనిని చూచుట నేర్చిన బిడ్డకు గురువు, లింగము, జంగమము వేరుగా నేర్పనక్కరలేదు.

శివభక్తులారా! గుడికి పోవువారు పోవుడు. పోలేని ముసలివారు, రోగులు, దూరదేశముననున్నవారు చింతింపకుడు; వారి గుడి వారి యరచేతిలో నున్నది. పోయినవారును పోనివారును ఒక్కటి మాత్రము మరువకుడు. మల్లయ్య శ్రీశైలమున నుండుట నిజమే. కాని ఆతడు ఆకలితో సొన్నలిగె పొలమునకు నడచివచ్చినవాడు. నేడు ఏ గట్టుమీద, ఏ వాకిట నిలిచి పిలుచుచున్నాడో! కంకులు కాల్చిపెట్టు చేయి సిద్ధముగా నుండవలయును.

సర్వజనులకు శివుడు సన్మంగళమును ప్రసాదించుగాక! శరణు శరణార్థి.